బాణం తగిలాక జింక జాడ తీయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అక్టోబరు, నవంబరు నెలలు అమెరికాలో విల్లు వేటకి మంచి అదను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒంటరిగా అడవికి వెళ్ళేవాళ్ళవి, వాళ్ళ కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళవి. నేను ఆగ్నేయ ఒహాయో కొండల్లో వేటాడతాను, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి వేట భద్రత పాఠాలు చెబుతాను. కాబట్టి నేను రాసేది ఈ నేలకీ ఇక్కడి తెల్లతోక జింకకీ సంబంధించింది. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళు చట్టం విషయంలో అక్కడి వేట నిబంధనల పుస్తకాన్నే నమ్ముకోవాలి.

ప్రశ్న: నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాంపౌండ్ విల్లుతో (చివర్లలో కప్పీలుండే ఆధునిక విల్లు) వేట ఈమధ్యే మొదలుపెట్టాను. అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో, చెట్టు మంచె మీద నుంచి 22 గజాల దూరంలో ఉన్న ఆడ జింకను కొట్టాను. బాణం ఆ పక్క నుంచి బయటికి వెళ్ళిపోయింది. జింక ఒక్క గంతు వేసి, తర్వాత నడుము వంచుకుని, తోక దించుకుని నెమ్మదిగా నడుచుకుంటూ పోయింది. బాణం మీద ముదురు ఎరుపు రక్తం ఉంది. ఇరవై నిమిషాలు ఆగి జాడ పట్టాను. 120 గజాలు వెళ్ళేసరికి పొదలోంచి లేచి పరుగుతీసింది. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించలేదు. మర్నాడు సెలవు పెట్టి వెతికినా దొరకలేదు. నాకు తోడు వచ్చేవాళ్ళు లేరు. ఒక్కడే ఉన్న మనిషి ఇలాంటప్పుడు ఏం చెయ్యాలి?
*— ఒక పాఠకుడు, డబ్లిన్, ఒహాయో*

జవాబు: మీరు చూసినవన్నీ సరిగ్గానే చూశారు, వాటిని గుర్తుపెట్టుకుని రాశారు కూడా. అందుకే ఏం జరిగిందో ఇక్కడ కూర్చునే చెప్పగలుగుతున్నాను. నడుము వంచుకుని నడిచింది, తోక దించింది, రక్తం ముదురు ఎరుపు. ఈ మూడూ కలిస్తే బాణం కార్జంలోంచి వెళ్ళిందని అర్థం. కార్జానికి తగిలిన జింక బతకదు, కానీ వెంటనే చావదు. ఎవరూ తరమకపోతే దగ్గర్లోనే చిక్కటి పొద చూసుకుని పడుకుంటుంది, చాలాసార్లు 200 గజాల లోపే. అక్కడే ప్రాణం పోతుంది. దానికి నాలుగు నుంచి ఆరు గంటలు ఇవ్వాలి. మీది పడుకుంది. ఇరవై నిమిషాలకే మనిషి అలికిడి విని లేచింది. ఒకసారి అలా లేచిన జింక ఎంత దూరం పోతుందో చెప్పడం కష్టం. లోపల రక్తం గడ్డకట్టి, గాయం కొవ్వుతో మూసుకుపోయి, బయటికి చుక్క కూడా రాకుండా అర మైలు వెళ్ళిపోగలదు.

ఒంటరి వేటలో అసలు కష్టం ఇక్కడే ఉంది. పక్కన అనుభవం ఉన్నవాడు ఉంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాడు. ఒంటరివాడికి ఆపేవాడు ఉండడు. చీకటి పడుతోంది, గుండె దడదడలాడుతోంది, జంతువు బాధపడుతోందేమో అన్న తపన ఒకపక్క తరుముతుంది. ఆ తపన మంచిదే, అది లేనివాడు విల్లు పట్టకూడదు. కానీ మీరు దిగి వెళ్ళడం వల్ల దాని బాధ తగ్గదు, పెరుగుతుంది. ఆగి కూర్చోవడమే అప్పుడు దానికి మీరు చేయగలిగిన మేలు.

బాణం వదిలిన క్షణం నుంచి మొదటి అయిదు నిమిషాలు మంచె మీద ఎలా గడపాలో చెబుతాను, ఎందుకంటే మిగతా రాత్రంతా వాటి మీదే ఆధారపడుతుంది. జింక నిలబడ్డ చోటుని ఒక గుర్తుతో మనసులో కట్టేసుకోండి: ఫలానా వంకర కొమ్మ కింద, ఫలానా పడిపోయిన దుంగకి ఎడమ పక్క. ఆఖరిసారి కనిపించిన చోటుకి ఇంకో గుర్తు పెట్టుకోండి. ఫోను తీసి ఆ రెండు చోట్లనీ మంచె మీద నుంచే ఫోటో తియ్యండి, ఎందుకంటే కిందికి దిగాక అడవి పూర్తిగా వేరేలా కనిపిస్తుంది. దిక్సూచి చూసి ఆ దిక్కు రాసుకోండి. తర్వాత కళ్ళు మూసుకుని వినండి. ఎండుటాకుల మీద పరుగు చప్పుడు ఎక్కడ ఆగింది, కూలిన చప్పుడు వినిపించిందా, కంచె తీగ మోగిందా, వాగులో నీళ్ళు చిలికాయా. గుండెకో ఊపిరితిత్తులకో తగిలిన జింక తరచుగా వెనక కాళ్ళు ఎగరేసి తన్ని, నేలకి అతుక్కుపోయినట్టు పరుగెడుతుంది. 100, 150 గజాల లోపే కూలుతుంది. పొట్టకి తగిలింది కూడా మీ జింకలాగే నడుము వంచుకుని నడుస్తుంది, మధ్యలో ఆగి చుట్టూ చూస్తుంది.

దిగాక బాణం దగ్గరికి మాత్రమే వెళ్ళండి. ఒక్క అడుగు కూడా దాటి వద్దు. బాణాన్ని టార్చి వెలుతురులో తిప్పి చూడండి. లేత ఎరుపు, గులాబీ ఛాయ, సన్నటి నురగ బుడగలు ఉంటే ఊపిరితిత్తులు, అరగంట చాలు. చిక్కటి ముదురు ఎరుపు, బుడగలు లేవు, మధ్య భాగంలో తగిలిందని మీకు తెలుసు: కార్జం. పచ్చగా, గోధుమరంగుగా నలిగిన మేత ముక్కలు బాణం కాడకి అంటి ఉన్నా, ఈకల దగ్గర పుల్లటి కుళ్ళు వాసన వచ్చినా పొట్టో పేగులో. రంగు చూసి తేల్చుకోలేకపోతే బాణాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, మొహమాటపడొద్దు. ఆ వాసన ఒకసారి చూసినవాడికి మళ్ళీ సందేహం రాదు. అలాంటి జింకకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఇవ్వాలి. సాయంత్రం కొట్టినదైతే తెల్లారేదాకా అటువైపు వెళ్ళకూడదు. ఎర్రటి నెత్తురు, బుడగలు లేవు, మాంసం తునకలు అంటి ఉంటే భుజమో తొడో అయి ఉంటుంది. అది మొదట ధారగా కారి తర్వాత సన్నబడిపోతుంది, అలాంటివి చాలావరకు కోలుకుంటాయి. వెంట్రుకలు కూడా చూడండి. గోధుమ రంగు మొరటు వెంట్రుక పక్కనో వీపునో వచ్చింది. తెల్లది పొట్ట కింద నుంచి వచ్చింది.

ఇంకో సంగతి. మంచె మీద నుంచి కొట్టినప్పుడు బాణం పైనుంచి కిందికి వాలుగా దిగుతుంది. కింది పక్క రంధ్రం పడితే నెత్తురు నేల మీదకి కారుతుంది. బాణం లోపలే ఉండిపోతే మాత్రం ఛాతీ నిండేదాకా బయటికి ఏమీ రాదు. మొదటి 40, 50 గజాలు చుక్క లేదని గురి తప్పిందనుకోవద్దు.

వాన ముంచుకొస్తే? ఈ ప్రశ్న ప్రతి తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. ఊపిరితిత్తులకి తగిలిందని ఖాయంగా తెలిస్తే ముందే వెళ్ళండి. పొట్టకి తగిలిందైతే వాన వచ్చినా ఆగమనే చెబుతాను. వాన నెత్తుటి జాడని మాత్రమే కడుగుతుంది. మీరు లేపితే జింకే పోతుంది. కడిగిన జాడని కూడా పట్టగల కుక్కలు ఉన్నాయి, వాటి సంగతి కింద రాస్తాను. ఎండ వేడిమి ఉన్న సెప్టెంబరు చివరి రోజుల్లో మాంసం పాడవుతుందన్న బెంగ న్యాయమైనదే. అప్పుడు కార్జం దెబ్బకి అయిదు గంటలు ఆగి అర్ధరాత్రి అయినా వెళ్ళండి. పొట్ట దెబ్బకి మాత్రం మాంసం పోయినా సరే, తొందరపడొద్దు.

ఇక ఒక్కరే జాడ తీయడం. ఇద్దరుంటే ఒకరు ఆఖరి చుక్క దగ్గర నిలబడతారు, రెండోవారు ముందుకు చూస్తారు. ఒక్కరున్నప్పుడు ఆ నిలబడే పని ఒక వస్తువుకి అప్పగించాలి. నేను టాయిలెట్ పేపర్ వాడతాను. చిన్న ముక్క తుంచి ప్రతి చుక్క దగ్గరా నడుమెత్తు కొమ్మకి తగిలిస్తాను. రాత్రిపూట తెల్లగా కనిపిస్తుంది, నాలుగు వానలకి కరిగిపోతుంది. పది ముక్కలు తగిలించాక వెనక్కి తిరిగి చూస్తే జింక పోయిన దారి గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ గీతే ముందు ఎటు వెతకాలో చెబుతుంది. కొత్త చుక్క కనిపించేదాకా పాత చుక్క దాటి పది అడుగులకి మించి వెళ్ళకండి. జాడ మీద నడవొద్దు, పక్కగా నడవండి. మీ బూటు తిప్పేసిన ఆకు కిందే మీకు కావలసిన చుక్క ఉంటుంది.

నేలనే చూడకండి. జింక పక్కటెముకల ఎత్తులో, అంటే మీ మోకాలికి కొంచెం పైన, లేత మొక్కల కాండాల మీదా, గడ్డి పరకల మీదా పూసుకున్న నెత్తురు దొరుకుతుంది. అది ఏ పక్కన పూసి ఉందో చూస్తే గాయం ఏ వైపుందో కూడా తెలుస్తుంది. అక్టోబరులో ఎర్ర మేపుల్ ఆకుల మీద సహజంగానే ఎర్రటి మచ్చలుంటాయి, హెడ్‌ల్యాంప్ వెలుతురులో అవి అచ్చం ఎండిన నెత్తుటి చుక్కల్లాగే కనిపించి గంటల కొద్దీ తిప్పిస్తాయి. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని చిన్న స్ప్రే సీసాలో పోసుకెళ్ళండి. అనుమానం వచ్చిన ఆకు మీద ఒక్కసారి కొట్టండి. నెత్తురైతే తెల్లగా పొంగుతుంది, ఆకు మచ్చ పొంగదు. ఎండిపోయిన నెత్తురు కూడా పొంగుతుంది.

నెత్తురు ఆగిపోయినప్పుడు చదవాల్సింది ఆకుల్ని. మా అమ్మమ్మ ఊరు ఆత్మకూరు పక్కన, నల్లమల అంచున. మేతకెళ్ళి తప్పిపోయిన గేదెల్ని వెతకడానికి చెంచు పెద్దలు వచ్చేవాళ్ళు. వాళ్ళు గిట్ట ముద్ర కోసం కాదు, తిరగబడ్డ ఆకు కోసం చూసేవాళ్ళు. రాలిన ఆకుల పైపొర పొడిగా వెలిసి ఉంటుంది, అడుగు తడిగా నల్లగా ఉంటుంది. జంతువు కాలు పెట్టి తోసిన చోట ఆ నల్లటి తడి పైకి వస్తుంది. ఒహాయో ఓక్ అడవిలో కూడా సరిగ్గా అదే. నడిచే జింక ఆకుల్ని పెద్దగా కదిలించదు. పరుగెత్తేది ప్రతి గంతుకీ ఒక గుప్పెడు తవ్వి వెనక్కి విసురుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, టార్చిని నేలకి వాలుగా పట్టుకుని చూడండి. నిలబడి చూస్తే కనిపించనివి అలా కనిపిస్తాయి.

అదీ ఆగిపోతే ఆఖరి చుక్కకి గుర్తు కట్టి, ఫోనులో ఆ చోటుని నమోదు చేసి, అప్పుడు విశాలంగా వెతకడం మొదలుపెట్టాలి. ముందు జింకలు రోజూ తిరిగే బాటలు చూడండి, దెబ్బ తిన్నది కూడా చాలావరకు అలవాటైన దారే పడుతుంది. తర్వాత ముళ్ళ గులాబీ పొదలు, కూలిన చెట్ల కొమ్మల మధ్య, వాగు గట్లు. పొట్ట దెబ్బ తిన్న జింకలు నీళ్ళ దగ్గర దొరకడం మామూలు. ఆ తర్వాతే వరసలు కట్టి, పది పదిహేను గజాల ఎడంతో అటూ ఇటూ నడవడం. నడిచిన వరసలన్నీ ఫోను మ్యాపులో పడేలా పెట్టుకుంటే ఏ మడి వదిలేశారో తెలుస్తుంది. జింక ఆకారం కోసం వెతకొద్దు. తెల్లటి పొట్ట, చెవి, అడ్డంగా ఉన్న గీత, వీటి కోసం చూడండి. నిలువు చెట్ల అడవిలో అడ్డగీత అరుదు.

కుక్కల సంగతి. గాయపడ్డ జింకని వెతకడానికే తర్ఫీదు పొందిన కుక్కలున్నాయి, ఎక్కువగా ముతక బొచ్చు డాక్స్‌హుండ్ జాతివి. పొడవాటి తాడు కట్టి యజమాని వెంట నడుస్తాడు. అవి నెత్తుటి వాసన ఒక్కటే కాదు, దెబ్బ తిన్న జింక గిట్టల మధ్య గ్రంథి వదిలే వాసన కూడా పట్టుకుంటాయి. అందుకే చుక్క లేకపోయినా, రాత్రి గడిచిపోయినా జాడ తీస్తాయి. ఒహాయోలో తాడు కట్టిన కుక్కతో వెతకడానికి చట్టం ఒప్పుకుంటుంది. యునైటెడ్ బ్లడ్ ట్రాకర్స్ అనే సంస్థ రాష్ట్రాలవారీగా ఇలాంటివాళ్ళ జాబితా పెడుతుంది. వేట మొదలవకముందే మీ చుట్టుపక్కల ఇద్దరి నంబర్లు ఫోనులో దాచుకోండి. ఒంటరివాడికి ఇంతకంటే మంచి తోడు లేదు. ఒక్క షరతు: పిలవాలనుకుంటే ముందే పిలవండి. మీరు అడవంతా తొక్కి, బూట్లకంటిన నెత్తురు నలువైపులా పూశాక పిలిస్తే కుక్కకి పని రెట్టింపవుతుంది. మీ జింక పొదలోంచి లేచిన నిమిషమే మీరు వెనక్కి తిరిగి కుక్క మనిషికి ఫోను చేయాల్సిన నిమిషం.

దొరికినప్పుడు ముందు నుంచి వెళ్ళకండి. వెనక నుంచి, వీపు వైపు నుంచి చేరండి. కళ్ళు చూడండి. చచ్చిన జింక కళ్ళు తెరుచుకునే ఉంటాయి. మూసి ఉంటే ప్రాణం ఉంది, ఆగండి. పొడవాటి కొమ్మతో కనుగుడ్డుని తాకితే రెప్ప కదలకూడదు. చీకట్లో వెతకడానికి వెళ్ళేటప్పుడు ఏ ఆయుధం వెంట ఉండొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అది ముందే చదివి పెట్టుకోండి.

మీరు అడగని ఒక ప్రశ్నకి కూడా జవాబు చెబుతాను, ఉత్తరం పొడుగునా అది వినిపించింది కనుక. మేరీలాండ్‌లోని ఇండియన్ హెడ్ నౌకాదళ స్థావరంలో 1989 నుంచి 2006 దాకా విల్లు వేటగాళ్ళ ప్రతి దెబ్బనీ లెక్క రాశారు. వాళ్ళంతా గురి పరీక్షలో నెగ్గినవాళ్ళు. అయినా దెబ్బ తగిలిన జింకల్లో నూటికి 82 దొరికాయి, 18 దొరకలేదు. ఆ పద్దెనిమిదిలో మీదొకటి. దాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. మీరు తీసుకోలేదు కూడా, సెలవు పెట్టి మరీ వెతికారు. వచ్చే ఏడాది విల్లు పట్టుకోవాలా అన్న సందేహం ఉంటే, పట్టుకోండి. 22 గజాల దూరం మీకు సరైనదే. జింక పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ముందు కాలి వెనక, ఛాతీ కింది మూడోవంతుని గురి చూసి కొట్టే అభ్యాసం మంచె ఎత్తు నుంచే చెయ్యండి. నేల మీద నిలబడి నేర్చిన గురి ఆ ఎత్తు నుంచి మారిపోతుంది.

ప్రశ్న: నా జింక పక్కవాళ్ళ పొలంలోకి దాటిపోయి కంచెకి ముప్ఫై గజాల అవతల పడి కనిపిస్తోంది. ఎవరూ లేరు కదా అని వెళ్ళి తెచ్చుకోవచ్చా?
*— ఒక పాఠకుడు, న్యూ ఆల్బనీ, ఒహాయో*

జవాబు: వెళ్ళకూడదు. ఒహాయోలో ఇతరుల భూమిలో వేటకి రాతపూర్వక అనుమతి కావాలి, పడిపోయిన జింక కోసం వెళ్ళినా మీరు అడుగుపెట్టేది అవతలివాళ్ళ భూమే. వెళ్ళి తలుపు తట్టండి, విల్లు బండిలో పెట్టి వెళ్ళండి. చాలామంది రైతులు కాదనరు, తోడొచ్చి ఈడ్చడానికి సాయం చేసినవాళ్ళు కూడా ఉన్నారు. కాదంటే మీ కౌంటీ వన్యప్రాణి అధికారికి ఫోను చెయ్యండి. ఆయన నచ్చజెప్పగలడు, బలవంతపెట్టలేడు. ఇదంతా రాత్రి ఎనిమిదింటికి చెయ్యడం కంటే ఆగస్టులో చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి పరిచయం చేసుకుని సంతకాలు తెచ్చుకోవడం మర్యాద. మన ఇంట్లో చేసిన అరిసెలో జంతికలో పట్టుకెళ్ళండి. రంగు వేరే మనిషి చీకట్లో వాళ్ళ పొలంలో టార్చి వేసుకుని తిరుగుతున్నాడంటే వాళ్ళకి భయం వేస్తుంది, మీకు ప్రమాదం. ముందే ముఖం తెలిసి ఉంటే ఆ రెండూ ఉండవు.

ప్రశ్న: మా వారు శనివారాలు ఒక్కరే విల్లు వేటకి వెళ్తారు. వద్దంటే వినరు. చీకటి పడ్డాక ఇంటికి రాకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. నేను ఏం తెలుసుకుని ఉండాలి? ఆయన్ని ఏం అడగాలి?
*— ఒక పాఠకురాలు, మేసన్, ఒహాయో*

జవాబు: అమ్మా, మీ భయం ఉత్తదని చెప్పను. ఈ వేటలో గాయాలపాలయ్యేది ఎక్కువగా చెట్టు మంచె మీద నుంచి పడడం వల్లే. కాబట్టి మొదట అడగాల్సింది: హార్నెస్ (పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు) కట్టుకుంటారా, ఎప్పుడు కట్టుకుంటారు? మంచె ఎక్కి కూర్చున్నాక తగిలించుకుంటే సగం పనే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా పడతారు. చెట్టు పై నుంచి నేల దాకా వేలాడే తాడు ఒకటి ఉంటుంది, దానికి జారే ముడి ఉంటుంది. నేల మీద ఉండగానే హార్నెస్‌ని ఆ ముడికి తగిలించుకుని ఎక్కాలి. ఇంట్లో ఒకసారి కట్టి చూపించమనండి. తొడల పట్టీలు వదులుగా ఉంటే బిగించమనండి. పట్టీల మీద చాలాసేపు వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది, అందుకని కాలు ఆనించుకునే చిన్న పట్టీ ఒకటి కూడా హార్నెస్‌తో ఇస్తారు. అది జేబులో ఉందా అని అడగండి. విల్లుని చేత్తో పట్టుకుని ఎక్కకుండా తాడుతో పైకి లాక్కోవాలి.

ఆలస్యం సంగతి. వేటగాళ్ళు రాత్రి ఆలస్యమయ్యేది చాలావరకు జింకకి బాణం తగిలినందుకే. పైన రాసినట్టు గంటల కొద్దీ ఆగాలి, వెతకాలి, పొట్ట శుభ్రం చెయ్యాలి, ఈడ్చాలి. కాబట్టి మీ ఇద్దరి మధ్య ఒప్పందం ఇలా ఉండాలి. బయలుదేరేముందు కారు ఎక్కడ పెడతారో, ఏ మంచె మీద ఉంటారో మ్యాపు మీద గుర్తు పంపాలి. ఫలానా సమయానికి కబురు లేకపోతే మీరు ఫోను చేస్తారు, ఇంకో గంటకి కూడా లేకపోతే 911కి చెబుతారు, మొహమాటం లేకుండా. బాణం తగిలితే జాడ పట్టేముందు ఒక్క సందేశం పెట్టి కొత్త గడువు చెప్పాలి. మా కొండల్లో సిగ్నల్ ఉండని లోయలు చాలా ఉన్నాయి. అలాంటి చోటికి వెళ్తుంటే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం కొనివ్వండి, పెళ్ళిరోజు కానుకగా అయినా సరే. కొత్త ఐఫోన్లలో, అంటే 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి, ఆపదలో శాటిలైట్ ద్వారా కబురు పంపే ఏర్పాటు ఉంది. ఫోనుని టార్చిగా వాడొద్దని చెప్పండి. హెడ్‌ల్యాంపులు రెండు ఉండాలి, ఫోను చార్జి మీతో మాట్లాడడానికి మిగలాలి.

ఆయన వయసు మీరు రాయలేదు. నలభై దాటి, వారమంతా కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషైతే ఒక మాట: జింకని కొండ ఎక్కించి ఈడ్చడం గుండెకి పెద్ద పరీక్ష. అక్కడే పొట్ట శుభ్రం చేస్తే బరువు కొంత తగ్గుతుంది. పిల్లలు మంచులో జారే ప్లాస్టిక్ స్లెడ్ మీద వేసుకుని లాగితే శ్రమ తగ్గుతుంది. యాభై అడుగులకోసారి ఆగమనండి. ఛాతీలో పట్టేసినట్టుంటే జింకని అక్కడే వదిలేసి కూర్చోమనండి.

ప్రశ్న: రాత్రంతా అడవిలో పడి ఉన్న జింక మాంసం తినొచ్చా? జింకలకి పిచ్చి జబ్బు వస్తోందని విన్నాం, నిజమేనా?
*— ఒక కుటుంబం, ఫిండ్లే, ఒహాయో*

జవాబు: రాత్రి చలి 40 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర ఉండి, బాణం పొట్టని చీల్చకపోతే, తెల్లవారి దొరికిన జింక చాలావరకు బాగానే ఉంటుంది. 50 దాటితే అనుమానించాలి. ముందు చెడేది తొడ ఎముక, తుంటి కీలు చుట్టూ ఉన్న మాంసం, ఎందుకంటే లోపలి వేడి అక్కడ చాలాసేపు నిలుస్తుంది. అక్కడ కోసి వాసన చూడండి. పచ్చదనం, పుల్లటి వాసన ఉంటే ఆ భాగం తీసేయండి. వీపు మీది మాంసం తరచుగా మిగులుతుంది. పొట్ట పగిలి లోపల ఒలికి ఉంటే మరకపడ్డ మాంసాన్ని కడిగి దాచుకోవాలని చూడకండి, కోసి పారేయండి. తోడేలుని పోలిన కొయోటీలు రాత్రే వచ్చి తినడం మొదలుపెడతాయి, అవి ముట్టుకున్న భాగం కూడా వద్దు.

జబ్బు నిజమే. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. సూక్ష్మజీవి కాదు, ప్రయాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్ దానికి కారణం. వంట వేడికి అది చావదు, ఎంత ఉడికించినా సరే. ఒహాయో అడవి జింకల్లో మొదటిసారి 2020లో వైయండాట్ కౌంటీలో బయటపడింది, మీ ఊరికి అది పక్క జిల్లా లాంటిదే. మనుషులకి అంటినట్టు ఇప్పటిదాకా తేలలేదు. అయినా ఆ ప్రాంతంలో కొట్టిన జింకని పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా తినకుండా ఫ్రీజర్‌లో ఉంచమని అమెరికా ఆరోగ్య శాఖ చెబుతుంది, నేనూ అదే చెబుతాను. పరీక్షకి తల, మెడ పై భాగం కావాలి కాబట్టి వాటిని పారేయకండి. మెదడు, వెన్నుపాము, కళ్ళు, ప్లీహం ఎలాగూ తినొద్దు. తలకాయ కూర ఇష్టపడే ఇళ్ళున్నాయని తెలిసే రాస్తున్నాను. మరచిపోకండి: జింక దొరికిన చోటే ట్యాగు కట్టాలి, మర్నాడు మధ్యాహ్నం 12 లోపు రాష్ట్రానికి నమోదు చెయ్యాలి.

ప్రశ్న: నేను గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇవన్నీ చదివాక నాకూ విల్లు వేట నేర్చుకోవాలనుంది. ఇక్కడ ఎక్కడైనా అవకాశం ఉందా?
*— ఒక విద్యార్థి*

జవాబు: లేదు బాబూ, ఉండకూడదు కూడా. మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేటని నిషేధించింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కృష్ణజింకని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. అమెరికాలో మా దగ్గరి పరిస్థితి వేరు. ఒహాయోలో 1904 నాటికి ఒక్క జింక కూడా మిగల్లేదు. మళ్ళీ పెంచారు, 1943లో మూడు కౌంటీల్లో మాత్రం వేటకి ఒప్పుకున్నారు. ఈమధ్య సీజన్లలో ఏటా రెండు లక్షలకు పైగా వేటాడుతున్నా మంద తగ్గడం లేదు, వాటిని తినే తోడేళ్ళు, కొండసింహాలు లేవు కనుక. మన అడవుల్లో పులి ఉంది, ఆ దుప్పి దానిది.

విల్లు మీద ప్రేమ ఉంటే మీకు దగ్గర్లోనే విజయవాడ ఉంది. వెన్నం జ్యోతి సురేఖ అక్కడి అమ్మాయే. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన ఆమె పట్టేది కాంపౌండ్ విల్లే, మా వేటగాళ్ళు పట్టే రకమే. విలువిద్య క్రీడాకారుడు బొమ్మదేవర ధీరజ్ కూడా ఆ ఊరివాడే. అకాడమీలో చేరి మొదట తేలిక విల్లుతో మొదలుపెట్టండి. భుజం బలపడేదాకా విల్లు లాగే బరువు పెంచకండి, అద్దెకి ఇచ్చే విల్లుతో కనీసం ఆరు నెలలు గడిపాకే సొంతది కొనండి.